ఫస్ట్ షిఫ్టుకి పోయే ముందు ఏం తినాలి, ఎట్లా వండుకోవాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. మీరు చంద్రపూర్ దగ్గర ఘుగ్గుస్ వైపు ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనిలో కొత్తగా డంపర్ అనే పెద్ద లారీ మీద చేరారు. ఫస్ట్ షిఫ్టు వారంలో ఆరింటికల్లా హాజరీ. నాలుగున్నరకి లేచి చాయ్, రెండు టోస్టులు. ఎనిమిదిన్నరకి టపరీ (చాయ్ కొట్టు) దగ్గర పోహా-తర్రీ (అటుకుల మీద నూనె తేలే కారం పులుసు), ఇంకో చాయ్. పది దాటితే కళ్ళు మూతలు పడుతున్నాయి, చేతుల్లో సన్నగా వణుకు. పొద్దున్నే కడుపు నిండా తిందామంటే వికారం. గదిలో మీరూ ఇంకో స్నేహితుడూ, ఒకటే పొయ్యి. రాత్రి మిగిలిన అన్నం తినొచ్చా అనేది చివరి ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. ఒక్కసారే నింపుకోకండి, రెండు దఫాలుగా తినండి. బయల్దేరే ముందు ఒక పెద్ద గ్లాసు జొన్న అంబలి, దాంతోపాటు ఉడికించిన గుడ్డు ఒకటి, లేదంటే గుప్పెడు నానిన పల్లీలు. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య డబ్బాలోంచి రెండు జొన్నరొట్టెలు, పిట్ల (శనగపిండి కూర) లేదా గట్టి పప్పు, ఒక ఉల్లిగడ్డ. పోహా-తర్రీ సెలవురోజుకి పెట్టుకోండి. ఇందులో చాలా పని రాత్రే అయిపోతుంది.

నేను బల్లార్షాలో ఖానావళి (భోజనాల మెస్) నడుపుతాను. గనుల్లో, కాగితం మిల్లులో, రైల్వేలో షిఫ్టులు చేసేవాళ్ళకి డబ్బాలు కట్టి పంపడమే నా పని. మన తెలుగువాళ్ళూ మరాఠీవాళ్ళూ ఇద్దరూ తింటారు. డబ్బా ఖాళీగా వచ్చిందా, సగం మిగిలి వచ్చిందా అని రోజూ చూసేదాన్ని కాబట్టి ఎవరికి ఏది నిలబడుతుందో బాగా తెలుసు.

ముందు మీ వణుకు సంగతి. చక్కెర చాయ్, మైదా టోస్టు రెండూ కడుపులో నిలవవు. అరగంటలో రక్తంలో చక్కెర పైకి లేస్తుంది, అంతే తొందరగా దిగిపోతుంది. ఎనిమిదిన్నర దాకా మీ ఒంటికి ఇంకేమీ అందలేదు. అప్పుడు తిన్న అటుకులు కూడా తొందరగా అరిగేవే, పైన తర్రీ నూనె. ఆ నూనెతో కడుపు బరువెక్కుతుంది, కళ్ళు వాలతాయి. తర్రీలో నాలుగు శనగలు తేలుతుంటాయి, నిజమే, కానీ ఆ నాలుగు శనగలతో ఎనిమిది గంటలు గడవవు.

జొన్న ఎందుకంటున్నానంటే అది మెల్లగా అరుగుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములు ఉంది, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. మాంసకృత్తులు జొన్నలో 10 గ్రాముల దగ్గర, బియ్యంలో 8 గ్రాముల దగ్గర. అంటే ఆ విషయంలో తేడా కొంచెమే, అసలు తేడా పీచులో. అందుకే జొన్న ఒక్కటే తింటే సరిపోదు, పక్కన పప్పో గుడ్డో ఉండాలి. రెండు మందపాటి రొట్టెలకి 100 గ్రాముల పిండి పడుతుంది, మాంసకృత్తులు 10 గ్రాములు అక్కడ. పిట్లకి 40 గ్రాముల శనగపిండి, దాంట్లో 8 గ్రాముల దాకా. గుడ్డులో 6 గ్రాములు. కలిపితే 24. అదే సంస్థ 2020లో చెప్పిన లెక్కలో 65 కిలోల మగమనిషికి రోజుకి 54 గ్రాములు కావాలి. తొమ్మిది గంటలకల్లా దాదాపు సగం ఒంట్లో పడిపోయిందన్నమాట.

ఇప్పుడు అంబలి. రెండు పెద్ద చెంచాల జొన్నపిండి ఒక గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ఒక చెంచా పుల్లమజ్జిగ పోసి, మూతపెట్టి పడుకోండి. చలికాలంలో సాయంత్రమే కలపొచ్చు. ఎండాకాలంలో పడుకునే ముందు కలిపితే చాలు, లేకపోతే తెల్లారేసరికి నోట్లో పెట్టలేనంత పులుస్తుంది. పొద్దున రెండు గ్లాసుల నీళ్ళు మరగబెట్టి అందులో ఉప్పు, నలిపిన జీలకర్ర వేయండి. గిన్నె అడుగున పిండి పేరుకుని ఉంటుంది, దాన్ని బాగా కలిపి సన్నటి ధారగా పోస్తూ, రెండో చేత్తో గరిటె ఆపకుండా తిప్పండి. మంట తగ్గించి ఆరేడు నిమిషాలు. పచ్చిపిండి వాసన పోయి, కాల్చిన రొట్టె వాసన లాంటిది లేస్తుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలిస్తే ఉడికినట్టు. దించి గోరువెచ్చన అయ్యాకే మజ్జిగ కలపాలి. వేడిమీద పోస్తే విరిగిపోయి పలుకులు పలుకులుగా అవుతుంది. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ పైన వేసుకోండి. చాలామంది అంబలి చప్పగా ఉంటుందని వదిలేస్తారు, వాళ్ళు ఉల్లిగడ్డ వేసుకోరు.

ఈ కొలతకి పెద్ద గ్లాసులు రెండు వస్తాయి, మీ ఇద్దరికీ సరిపోతుంది. వికారం అన్నారు కదా, నాలుగున్నరకి లేచినవాళ్ళకి అది మామూలే. లేవగానే తినకండి. మొహం కడుక్కుని ఒక గ్లాసు నీళ్ళు తాగి, డబ్బా సర్దుకుని, బయల్దేరడానికి పావుగంట ముందు అంబలి తాగండి. మొదటి వారం సగం గ్లాసే తాగండి, గుడ్డు డబ్బాలో పెట్టుకోండి. నమిలి తినలేని కడుపు కూడా తాగేదాన్ని పట్టుకుంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి మసాలా కూరతో భోజనం చేసి పడుకుంటే మాత్రం పొద్దున ఏది పెట్టినా వికారమే. రాత్రి భోజనం ఏడున్నరకి జరపండి, సగం ఇబ్బంది దాంతోనే పోతుంది.

రొట్టె దగ్గర కొత్తగా వండుకునేవాళ్ళు బెదిరిపోతారు. జొన్నపిండికి గోధుమపిండిలా జిగురుండదు, చల్లనీళ్ళతో కలిపితే అంచులు పగిలిపోతాయి. మరిగిన నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక అరచేతి మడమతో ఒత్తి ఒత్తి పిసకాలి. పిండంతా ఒకేసారి పిసికి పెట్టుకోవద్దు. ఏ రొట్టెకి ఆ రొట్టె ముద్దని అప్పటికప్పుడు ఇంకోసారి పిసికి, కింద పొడిపిండి చల్లి, చేత్తో తడుతూ పెద్దది చేయాలి. పెనం మీద వేశాక పొడిపిండి ఉన్న వైపు పైకి వస్తుంది కదా, దానిమీద వేళ్ళతో నీళ్ళు రాయండి. ఆ తడి మెరుపు తగ్గుతుండగానే తిప్పేయాలి. పూర్తిగా ఆరిపోయాక తిప్పితే రొట్టె నెర్రెలిస్తుంది. రెండో వైపు కాలాక నేరుగా మంటమీద పెడితే పొంగుతుంది. వేడి రొట్టెని డబ్బాలో పెట్టి మూత వేయకండి. ఆవిరికి అడుగు రొట్టె తడిసి ముద్దవుతుంది. ఒక నిమిషం ఆరనిచ్చి, నూలుగుడ్డలో చుట్టి పెట్టండి.

ఇది చేతికి రావడానికి టైం పడుతుంది. అప్పటిదాకా గట్క చేసుకోండి, పెళ్ళికాని పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే. ఒక గ్లాసు జొన్నరవ్వ రాత్రి నానబెట్టి, పొద్దున మూడున్నర గ్లాసుల నీళ్ళు, ఉప్పు వేసి కుక్కర్‌లో మూడు నాలుగు విజిల్స్. ఆవిరి దానంతట అది దిగాక తీసి కలిపితే మెత్తని గట్క. డబ్బాలో వేసి మీద పప్పు పోసుకోవచ్చు, ఊరగాయ తొక్కుతో తినొచ్చు. జొన్నరవ్వ దొరకని వారం గోధుమరవ్వతో అయినా సరే. రాజురా, గడ్చాందూర్ వైపు కుటుంబాల్లో ఇప్పటికీ పొద్దుటి పూట గట్క ఉంది, మన పిల్లలే ఊరు మారగానే టోస్టులకి వచ్చారు.

పిట్ల ఏడెనిమిది నిమిషాల పని. నాలుగు చెంచాల శనగపిండి ఒకటిన్నర గ్లాసు నీళ్ళలో చిలికి పక్కన పెట్టుకోండి. నూనెలో ఆవాలు, జీలకర్ర, దంచిన ఎల్లిపాయ, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేగాక పసుపు వేసి, పిండినీళ్ళు పోస్తూ కలపండి. ఉప్పేసి మూతపెట్టి సన్నమంట. అంచులు గిన్నెని వదులుతుంటే దించండి. కొత్తిమీర, మెంతికూర ఉంటే మంచిదే, లేకపోయినా ఆగదు. పక్కన అవిసెగింజల పొడి ఒక చెంచా పెట్టుకోండి. వేయించిన అవిసెలు, ఎండుమిర్చి, ఎల్లిపాయ, ఉప్పు కలిపి దంచుకుంటే నెల రోజులుంటుంది. ఇక్కడ ప్రతి కిరాణాలో అవిసెలు దొరుకుతాయి. రొట్టెకి అది ఉంటే నూనె కూర అక్కర్లేదు.

పప్పు రాత్రే వండి పెట్టుకోవచ్చు గానీ ఫ్రిజ్ ఉంటేనే. ఫ్రిజ్ లేని గదిలో మార్చి నుంచి వానలు పడేదాకా రాత్రి పప్పు డబ్బాకి వద్దు. పొద్దున పిట్ల చేసుకోండి, లేదా పుంటికూర పప్పు పొద్దున్నే కుక్కర్‌లో వేయండి. నీళ్ళపప్పు, కొబ్బరి వేసిన కూర, పెరుగన్నం ఇవి ఎండలో క్యాబిన్‌లో ఉంచితే తొందరగా పాడవుతాయి.

మిగిలిన అన్నం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సద్దన్నం మన తాతల నాటి తిండే, బలమైన తిండే, నేను కాదనను. కానీ అన్నంలో బ్యాసిలస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ‘పొద్దున తాలింపు వేశాను కదా’ అని ధైర్యం చెప్పుకోవడానికి లేదు. మా అత్తగారిది సిరోంచ వైపు, పూర్తిగా వరి తినే ఇల్లు. అక్కడ సద్ది ఎట్లా చేసేవారంటే అన్నం దించగానే వెడల్పుగా పరిచి చల్లార్చి, వెంటనే మట్టికుండలో నీళ్ళు, పుల్లమజ్జిగ పోసి, కుండని తడిగుడ్డ చుట్టి నీడన పెట్టేవారు. పొద్దున్నే తినేసేవారు, డబ్బా కట్టుకుని మధ్యాహ్నం దాకా మోసేవారు కాదు. పదింటి దాకా కుక్కర్‌లోనే మూతపెట్టి మర్చిపోయిన అన్నం వేరు, ఆ సద్ది వేరు.

కాబట్టి నా పద్ధతి ఇది. చలికాలంలో, వండిన రెండు గంటల్లోపు చల్లార్చి మజ్జిగ పోసి పెట్టిన అన్నమైతే పొద్దున అంబలి బదులు తినండి, పక్కన గుడ్డో పల్లీలో మానొద్దు. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మాత్రమే. డబ్బాలోకి సద్దన్నం ఏ కాలంలోనూ వద్దు. నా దగ్గర డబ్బా కట్టించుకునేవాళ్ళు అడిగినా నేను కట్టను.

నీళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో మన చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం మామూలే. గనిలో రాతి వేడి, ధూళి కలిస్తే ఇంకా ఎక్కువ. ఎండలో పనిచేసేవాళ్ళు దాహం వేసేదాకా ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు చొప్పున తాగాలి. ఒకేసారి బాటిలంతా దించేయడం కంటే ఇదే మేలు. మీకు ఏసీ క్యాబిన్ ఉంటే అంత అక్కర్లేదు, అంబలి, మజ్జిగలో ఉన్న ఉప్పే చాలు. బయట హాల్ రోడ్ (గనిలో డంపర్లు తిరిగే దారి) మీద నిలబడేవాళ్ళకి, సర్వే పిల్లలకి చెమట బాగా పోతుంది కాబట్టి ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్ళలో కలిపి పెట్టుకుంటే మంచిది. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకి తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు. కొలత తప్పొద్దు, ఉప్పు ఎక్కువైతే మేలుకి బదులు కీడు. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఉప్పునీళ్ళు అలవాటు చేసుకోకూడదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటొద్దనేది అందరికీ చెప్పే మాట. తొక్కులు, పాపడ్‌లు తినే మన ఇళ్ళలో అది ఎప్పుడో దాటిపోతుంది.

మీరు చెప్పలేదు గానీ అడగాల్సిన మాట ఒకటుంది. గడ్చిరోలి, చంద్రపూర్ ప్రాంతంలో సికిల్‌సెల్ (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మీకో మీ స్నేహితుడికో ఉంటే ఒంట్లో నీళ్ళు తగ్గడం కూడా నొప్పులు తిరగబెట్టడానికి కారణమవుతుంది. తిండికంటే ముందు వాళ్ళు నీళ్ళ సంగతి చూసుకోవాలి.

చాయ్ మానమని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. తిండితో కలిపి తాగొద్దు అంతే. చాయ్‌లోని వగరు పదార్థం తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. తిన్న గంట తర్వాత తాగండి, చక్కెర సగం చేయండి. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఇంకా బాగా పడుతుంది. ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒకావిడ నా దగ్గర డబ్బా తీసుకుంటుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చాయ్, బిస్కెట్ల మీదే ఉండేది, మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువ. డాక్టరిచ్చిన మాత్రలతోపాటు పుంటికూర పప్పు, నిమ్మకాయ, చాయ్ జరపడం, ఇవన్నీ పట్టుగా చేసింది. నెలలు పట్టింది గానీ ఇప్పుడు డ్యూటీ అయ్యాక కూడా ఆమె మొహంలో కళ ఉంటుంది. మాత్రలు వేసుకోకుండా కూరలతోనే నయమైందని నేను చెప్పను.

ఇంకో ఆయన, యాభై దాటిన ఎలక్ట్రీషియన్, షుగర్ మాత్రలు వేసుకుంటాడు. మాత్ర వేసుకుని తిండి తొమ్మిదింటికి జరిపేవాడు. ఆ మధ్యలో చెమటలు, వణుకు. ఇది ప్రమాదం. షుగర్‌కి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవాళ్ళు నేను చెప్పిన రెండు దఫాల పద్ధతిని డాక్టర్‌తో మాట్లాడి, మాత్ర వేళకి సరిపెట్టుకోవాలి. మీరు ఇరవైల్లోనే ఉన్నా, వారం పది రోజులు సరిగ్గా తిన్న తర్వాత కూడా వణుకు పోకపోతే రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి.

నిద్ర లేకుండా ఏ తిండీ పనిచేయదు. నాలుగున్నరకి లేవాలంటే తొమ్మిది, తొమ్మిదిన్నరకి పడుకోవాలి. ఆఖరి చాయ్ మధ్యాహ్నం మూడింటికే. చాయ్‌లోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది. సాయంత్రం ఏడింటికి టపరీ మీద తాగిన చాయ్ నడిరాత్రి దాకా మీతోనే ఉంటుంది. ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను, బండి మీద ఉండగా కళ్ళు మూతలు పడితే తిండి గురించి ఆలోచించకండి, బండి ఆపి షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పండి. కొత్తగా చేరారని మొహమాటపడొద్దు. హాల్ రోడ్ మీద రెండు సెకన్లు కళ్ళు మూసినా అది మీ ఒక్కరి ప్రాణం సంగతి కాదు.

రాత్రి చేయాల్సిన పని ఎనిమిదింటికి మొదలుపెడితే అరగంట కూడా పట్టదు. పల్లీలు నానేయడం, అంబలి పిండి కలపడం, రవ్వ నానేయడం, ఉల్లిగడ్డ, మిర్చి తరిగి మూతపెట్టడం. గుడ్లు పొద్దున్నే, గట్క కుక్కర్‌లో ఎక్కే ముందే ఉడకేసి దించేయండి. తర్వాత ఆ పొయ్యి మీదే అంబలి, ఆఖరున పిట్ల. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు వంట, ఒకరు గిన్నెలు అని వారం వారం మార్చుకోండి. శనివారం, శ్రావణమాసం గుడ్డు తినని రోజుల్లో పుట్నాలు, బెల్లం ఒక గుప్పెడు, లేదా ఉడికించిన మట్కీ (పెసల్లాంటి చిన్న గింజ) మొలకలు పెట్టుకోండి. అరటిపండు మంచిదే, కానీ ఒక్క అరటిపండునే టిఫిన్ అనుకోకూడదు.

సామాను కొనే దగ్గర ఒక జాగ్రత్త. మన వైపు వరి కోసిన పొలాల్లో లాఖోలి పప్పు వేస్తారు, చౌకగా వస్తుంది. చూడ్డానికి కందిపప్పులాగే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి, నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండుకుంటే భయం లేదు. అదే రోజూ, నెలల తరబడి ముఖ్యమైన తిండి అయితే కాళ్ళ నరాలు దెబ్బతినే జబ్బు వస్తుంది. విడిగా అమ్మే చౌక శనగపిండిలో దాన్ని కలిపేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి పిట్లకి పిండి కొనకండి. శనగపప్పు కొని, రాళ్ళేరి, ఎండలో పెట్టి గిర్నీలో పట్టించుకోండి. రెండు కిలోలు పట్టిస్తే మీ ఇద్దరికీ నెల పైనే వస్తుంది.